నొప్పి చెప్పని పాప

నాకు వచ్చిన విద్య జడ ఒక్కటే. ఏడో తరగతిలో, లెక్కల పీరియడ్‌లో, ముందు బెంచీ అమ్మాయి జడ విప్పి మళ్ళీ అల్లుతూ దొరికిపోయాను. మాస్టారు బయట నిలబడమన్నారు. నిలబడ్డదాన్ని అట్నుంచటే ఇంటికి పోయాను, మళ్ళీ బడి మొహం చూడలేదు. ఆ ముందు బెంచీ అమ్మాయి తర్వాత డాక్టరైంది. ఆవిడ పెళ్ళికి పూలజడ కుట్టింది నేనే. కాబట్టి ఎవరి చదువు వాళ్ళం పూర్తి చేసినట్టే లెక్క.

గవర్నర్‌పేటలో ఒక లాడ్జి పక్క సందులో, మెట్లెక్కితే పైన మా లేడీస్ పార్లరు ఉండేది. కింద సవరాల కొట్టు. జుట్టు తక్కువున్నవాళ్ళు కింద సవరం కొనుక్కుని పైకొచ్చేవాళ్ళు. ఎక్కువున్నవాళ్ళు తిన్నగా పైకొచ్చి గొప్పలు చెప్పుకునేవాళ్ళు. నా మోకాళ్ళకీ ఆ మెట్లకీ పడక, షాపు అప్పజెప్పేసి ఇంట్లో కూర్చున్నాను. ఇప్పుడు ఈ పని నేర్చుకుంటున్న అమ్మాయిలు అప్పుడప్పుడూ వచ్చి, "అమ్మా, మీ సర్వీసులో మీకు లొంగని తల ఏదైనా ఉందా?" అని అడుగుతుంటారు. ఉంది. అయితే ఆ తల తప్పేం లేదు, లొంగంది మా చేతులే. అది చెబుతాను, ఫోన్లు పక్కన పెట్టి వినండి.

ఒక మంగళవారం. మంగళవారమంటే మా షాపులో ఈగలు కూడా సెలవు పెట్టేవి, ఆ రోజు మనవాళ్ళు తల మీద కత్తెర పడనివ్వరు కదా. నేనూ, మొదటినుంచీ నాతో కలిసి పనిచేసిన ఆవిడా కూర్చుని మరమరాలు తింటున్నాం. ఆవిడని నేను తోడికోడలు అని పిలిచేదాన్ని. ఇద్దరం ఒకే అత్తగారి కింద, అంటే కస్టమరు కింద, పడి ఉన్నవాళ్ళం కాబట్టి. ఆవిడకి నా జోకులు అర్థమయ్యేవి, నవ్వడమే ఇష్టం ఉండేది కాదు.

అప్పుడు మెట్లెక్కి వచ్చిందొకావిడ. మంచి నేత చీర, మొహంలో నిద్రలేమి. చెయ్యి పట్టుకుని ఏడేళ్ళ పాప. పాప ఆఫ్రికా పాప. తలకి స్కార్ఫు కట్టి ఉంది, ఎండ లేకపోయినా.

"ఏం చేయించుకుంటారండీ?" అన్నాను.

"నాకు కాదండీ. పాపకి. గుండు చెయ్యాలి."

మా తోడికోడలు మరమరాల పొట్లం కింద పెట్టింది. "ఇవాళ మంగళవారమండీ," అంది, మంగళవారం నాడు ఇలాంటివి వినడం కూడా తప్పన్నట్టు.

"గుండుకి మా దాకా ఎందుకండీ, కొండ మీద ఉచితంగా చేస్తారుగా," అన్నాను నేను. ఎవరూ నవ్వలేదు. ఆవిడ కుర్చీలో కూలబడింది. పాప ఆవిడ పక్కన నిలబడింది, ఎవరో నిలబెట్టినట్టు.

కాసిని మంచినీళ్ళు తాగాక సంగతి చెప్పింది. వాళ్ళది పామర్రు. ఆయన జాంబియాలో ఒక నూనె మిల్లులో మేనేజరుగా చేశాడట. అక్కడున్నప్పుడే ఈ పాపని, నాలుగేళ్ళ పిల్లగా, కోర్టు ద్వారా దత్తత తీసుకున్నారు. ఉద్యోగం చాలనుకుని ఊరొచ్చేసి ఎరువుల కొట్టు పెట్టుకున్నారు. పాపకి తెలుగు బాగా వచ్చింది, బడిలో చేరింది. అన్నీ కుదిరాయి, తల తప్ప.

"అక్కడ జడలు పక్కింటావిడ వేసేదండీ. నేను ఎదురుగా కూర్చుని కాఫీ తాగేదాన్ని. చూసి నేర్చుకోవాల్సింది. కాఫీ తాగాను," అంది.

ఆ మాటతో ఆవిడ నాకు నచ్చేసింది.

అమ్మాయిలూ, మన ఊళ్ళల్లో పొద్దున్నే ఆడపిల్లకి తల దువ్వడం ఎలా ఉంటుందో మీకు చెప్పాలా? మోకాళ్ళ మధ్య బిగించి కూర్చోబెట్టుకుంటాం. కొబ్బరినూనె కారేలా రాస్తాం. నీళ్ళ తడి లేని తల మీద మాడు దగ్గర దువ్వెన పెట్టి కిందికి ఒక్క లాగు లాగుతాం. కళ్ళు పైకి పోయేలా రెండు జడలు బిగించి, మడిచి, రిబ్బన్లు కడతాం. జడ ఎంత బిగుతైతే అమ్మ అంత మంచిది. నుదుటి మీద నాలుగు వెంట్రుకలు ఎగురుతుంటే వీధిలో ఆడవాళ్ళు పిల్లని ఏమీ అనరు. వాళ్ళమ్మని అంటారు.

ఈవిడకి అది రెండింతలు. "కన్నపిల్లయితే తల ఇలా వదిలేసేదా అంటారండీ. మా అత్తగారు అననక్కర్లేదు, బస్టాండులో ముక్కూమొహం తెలియనివాళ్ళు కూడా అంటారు. అందుకని ఒక్క వెంట్రుక లేవకుండా లాగి లాగి దువ్వుతాను. ఇప్పుడు నేను దువ్వెన తియ్యగానే మంచం కింద దూరుతోంది. రమ్మంటే వచ్చేస్తుంది. కూర్చోమంటే కూర్చుంటుంది. నొప్పని ఒక్కసారి, ఒక్కసారి కూడా అనదు." చెంగుతో ముక్కు తుడుచుకుంది. "గుండు చేసేస్తే నా చేతిలో దువ్వెన ఉండదు కదండీ. అప్పుడన్నా నన్ను చూసి దాక్కోదు."

పాప వింటూనే ఉంది. గుండంటే మామూలుగా పిల్లలు షాపు ఎగరగొడతారు. ఈ పాప మొహంలో ఏమీ లేదు.

నేను స్కార్ఫు విప్పాను. ఒత్తుగా, స్ప్రింగుల్లా చుట్టుకుని, ముట్టుకుంటే పిడికిలి నిండే జుట్టు. నా సర్వీసులో వేల జడలు అల్లాను, అంత జుట్టు ఆ వయసు పిల్లకి చూడలేదు. మధ్యలో మటుకు నూనె, దుమ్ము కలిసి గట్టి ఉండలు కట్టింది. నాకు తెలిసిందొకటే కాబట్టి అదే చేశాను. దువ్వెన తీసుకుని మాడు దగ్గర పెట్టాను. రెండు పళ్ళు పుటుక్కున విరిగాయి, నావి కాదు, దువ్వెనవి.

"చూశావా, నా దువ్వెనకి పళ్ళూడాయి. నీకూ ఊడాయా?" అన్నాను నవ్విద్దామని.

పాప నోరు తెరిచి ఊడిన పళ్ళ సందు చూపించింది. నవ్వలేదు. అడిగాను కాబట్టి చూపించింది, అంతే. కుర్చీ చేతుల్ని మటుకు రెండు చేతులతో ఎంత గట్టిగా పట్టుకుందంటే గోళ్ళు తెల్లబడ్డాయి. దువ్వెన కింద పెట్టేశాను.

"ఇస్త్రీ పెట్టి సాఫు చేసేద్దాం," అంది మా తోడికోడలు. ఆవిడ దృష్టిలో ఇస్త్రీతో తేలని సమస్య లేదు.

"ఏడేళ్ళ పిల్ల తల మీద ఇస్త్రీ ఏంటమ్మా, చొక్కానా?" అని, పాప తల్లికి చెప్పాను: "ఒక్క వారం ఆగండి. జుట్టు తీసేస్తే మళ్ళీ రావడానికి ఏళ్ళు పడుతుంది. ఆగితే వారమే కదా. వచ్చే మంగళవారం రండి. నాకొకమ్మాయి తెలుసు."

నాకు తెలిసిన అమ్మాయంటే, కింద సవరాల కొట్టులో బేరమాడే అమ్మాయి. ఊరి బయట కాలేజీలో ఫార్మసీ చదవడానికి టాంజానియా నుంచి వచ్చింది. తన జడల్లో కలిపి అల్లుకోవడానికి పాయలు కొనుక్కునేది. తెలుగు హాస్టల్లో సగం, సిటీబస్సుల్లో సగం నేర్చుకుంది కాబట్టి బేరం మొదలుపెడితే కొట్టాయన లేచి నిలబడేవాడు. ఆ వారం పాయలు కొనడానికి వచ్చినప్పుడు పైకి పిలిచి అడిగాను.

చేతులు కట్టుకుని విన్నది. "ఆంటీ, ఆఫ్రికా అంటే అందరికీ జడలు వెయ్యడం వస్తుందనుకున్నారా?"

"రాదా?"

"ఇక్కడికి కూచిపూడి ఎంత దూరం?"

"పామర్రు దాటితే వచ్చేస్తుంది."

"మీకు డాన్సు వచ్చా?"

మా తోడికోడలు నవ్వింది. ఇన్నేళ్ళలో నా నోరు మూయించిన మనిషిని మొదటిసారి చూసి నవ్వింది. ఆ అమ్మాయి కూడా నవ్వి, "మీ అదృష్టం, నాకు వచ్చు. మా పిన్నికి షాపుంది. పరీక్షలున్నాయి, గంటే ఉంటాను," అంది.

ఆ మంగళవారం గంటే ఉంటానని వచ్చి షట్టరు దించేదాకా ఉంది.

ముందు ఆ అమ్మాయి నా దువ్వెనల డబ్బా చూసి, అన్నీ పక్కన పెట్టేసి, పళ్ళు దూరంగా ఉన్నది ఒక్కటి ఉంచుకుంది. తర్వాత నీళ్ళు. మనం ఎండబెట్టి దువ్వుతాం, వాళ్ళు తడిపి దువ్వుతారు. తల తడిపి, కండిషనరు దండిగా పట్టించి, జుట్టుని నాలుగు భాగాలు చేసి మూడింటికి క్లిప్పులు పెట్టేసింది. మిగిలిన భాగంలోంచి చిన్న పాయ తీసుకుని, మాడు వైపు పిడికిలితో పట్టుకుని, కింద కొసల దగ్గర మొదలుపెట్టింది. కొసలు విడిపోయాక అంగుళం పైకి. అది విడిపోయాక ఇంకో అంగుళం. లాగితే ఆ లాగుడంతా ఆ పిడికిలి దగ్గరే ఆగిపోతుంది, మాడు దాకా వెళ్ళదు. ఇంతే విద్య. నేను ముప్పై ఏళ్ళు పైనుంచి కిందికి వచ్చాను, ఆ అమ్మాయి కింద నుంచి పైకి వెళ్ళింది.

పాప కుర్చీ చేతులు పట్టుకునే కూర్చుంది.

"నొప్పి ఉంటే చెప్పు," అంది ఆ అమ్మాయి. పాప తలూపింది. ఒకచోట ఉండ విప్పుతుంటే పాప భుజాలు బిగుసుకోవడం నాకు అద్దంలో కనపడింది. నోరు మటుకు విప్పలేదు.

"ఎప్పుడూ ఇంతేనా?" అని తల్లిని అడిగింది ఆ అమ్మాయి.

"ఇంతేనమ్మా. చాలా మంచి పిల్ల. ఏదీ అడగదు, ఏదీ వద్దనదు."

ఆ అమ్మాయి చెయ్యి ఆపింది. "ఆంటీ, మా చెల్లికి జడ వేస్తే వీధంతా వినపడుతుంది. అక్క చంపేస్తోంది, అమ్మా రా, అని అరుస్తుంది. ఈ పాప చుట్టాలింటికి వచ్చినట్టు కూర్చుంది."

అని మళ్ళీ తన పనిలో పడింది. పరీక్షల హడావుడిలో ఉన్న పిల్ల, ఏదో అనేసింది. పాప తల్లి మొహం మటుకు మాడిపోయింది. పాప చేతులు కడుక్కోవడానికి లోపలికి వెళ్ళినప్పుడు నా దగ్గరికొచ్చి, "మూడేళ్ళయిందక్కా. ఇంకా చుట్టమేనా?" అంది. అండీ పోయి అక్క వచ్చింది.

అప్పటినుంచి మంగళవారాలు ఆవిడవి. సాయంత్రం బడి అవగానే పాపని తీసుకుని ఉయ్యూరు మీదుగా బస్సులో వచ్చేది. ఫార్మసీ అమ్మాయి వీలైనప్పుడు వచ్చేది, వీలు కానప్పుడు వీడియో కాల్‌లోంచి గదమాయించేది. "ఆంటీ, నీళ్ళు! ఇంకా నీళ్ళు! వరి చేనుకి పెట్టినట్టు పెట్టండి!"

ఈవిడ తెలివైన మనిషి, పద్ధతి రెండు వారాల్లో పట్టేసింది. చేతులు మాత్రం మాట వినవు. బిగించి బిగించి అలవాటైన చేతులు. ముందు నా తల మీద ప్రాక్టీసు చెయ్యమన్నాను. నాది నెరిసిన జుట్టు, పోయినా నష్టం లేదు. ఒక్క లాగు లాగిందో లేదో, "అమ్మో! చచ్చాన్రా దేవుడో! ఎవరన్నా పోలీసులకి ఫోన్ చెయ్యండి!" అని కింద కొట్టాయన పరిగెత్తుకొచ్చేలా అరిచాను. సగం నొప్పి, సగం పాప కోసం. పాప నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నవ్వో, భయమో తెలియలేదు. పెద్దవాళ్ళు ఇలా అరవచ్చా అన్నట్టు వాళ్ళమ్మ వంక చూసింది. వాళ్ళమ్మ నాకు సారీ చెప్పి, పట్టు వదులు చేసి, మళ్ళీ మొదలుపెట్టింది. పాప అది కూడా చూసింది.

జుట్టు కోలుకుంది. ఉండలు పోయాయి. రాత్రుళ్ళు దిండుకి రాసుకుని చిక్కు పడకుండా వాళ్ళమ్మ పాత పట్టుచీర ముక్కతో టోపీ కుట్టింది. బడిలో టీచరుతో మాట్లాడి, మడిచిన రెండు జడల బదులు చిన్న చిన్న జడలకి రిబ్బను కట్టుకోవడానికి ఒప్పించింది. పాప మంచం కింద దూరడం మానేసింది. దువ్వెన తానే తెచ్చి ఇస్తోందట. కూర్చుంటుందట. ఇంకా ఏమీ అనదట.

"మెత్తగా దువ్వుతున్నావు కాబట్టి అనట్లేదేమో," అన్నాను.

"కాదక్కా. నిన్న నా ఉంగరంలో వెంట్రుక ఇరుక్కుపోయింది, లాగేశాను. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఏమయిందంటే ఏం లేదంది."

ఇలా ఉండగా పామర్రులో వాళ్ళింట ఫంక్షను వచ్చింది. ఆవిడ ఆడపడుచు కూతురికి ఓణీలు ఇస్తున్నారు. పూలజడలు, ముస్తాబు అన్నీ మా షాపుకే అప్పజెప్పారు. వాళ్ళ అత్తగారు నాకు స్వయంగా ఫోన్ చేసింది. గొంతు బియ్యం మిల్లులా ఉంది.

"మా చిన్న మనవరాలుందమ్మా, దానిక్కూడా పెద్ద సవరం పెట్టి పూలజడ వెయ్యాలి. నడుం దాటాలి. నలుగురిలో నా మనవరాలు తక్కువ కాకూడదు."

ఆవిడ ఉద్దేశం చెడ్డది కాదు, అది మీరు గమనించండి. పాపని దాచెయ్యమనలేదు, అందరితో సమానంగా పూలజడ వెయ్యమంది. మా లెక్కలో అది గౌరవం. సరేనండీ అన్నాను. అది మా పని.

ఫంక్షన్ హాల్లో ఆడవాళ్ళ గది. ఓణీల పిల్ల జడ నేను కుడుతున్నాను. పక్క కుర్చీలో మా తోడికోడలు పాపకి సవరం పెడుతోంది. చిన్న జడలన్నీ వెనక్కి దగ్గరికి లాగి, ముడి బిగించి, దానికి సవరం గుచ్చి, పువ్వుల బరువు ఆగాలి కాబట్టి పిన్ను మీద పిన్ను. పూలజడ సుఖంగా ఉండదు. పెళ్ళికూతుళ్ళక్కూడా "కాస్త ఓర్చుకో తల్లీ" అనే వేస్తాం. చుట్టూ అమ్మలక్కలు, వాళ్ళ మధ్య సోఫాలో అత్తగారు. బయట ఫోటోగ్రాఫరు తలుపు కొడుతున్నాడు.

పాప తల్లి వంటవాళ్ళ దగ్గర్నుంచి అప్పుడే వచ్చింది. వచ్చి అద్దంలో పాప మొహం చూడలేదు, కుర్చీ చేతుల మీద ఉన్న పాప చేతులు చూసింది.

"తీసెయ్యండి," అంది.

"ఏంటి తీసేది?" అంది అత్తగారు.

"సవరం తీసెయ్యండక్కా. నేను వేస్తాను."

"ముహూర్తానికి టైమవుతోంది, ఇప్పుడేంటే ఈ వేషాలు! డబ్బులిచ్చి పిలిపించిన మనిషి ఉండగా నువ్వెయ్యడమేంటి? ఆ చిన్న చిన్న పిలకలతో ఫోటోలు దిగితే జనం ఏమంటారు?"

"ఏమన్నా అననివ్వండి అత్తయ్యగారూ."

మా తోడికోడలు నా వంక చూసింది. తియ్యమని సైగ చేశాను. పిన్నులు ఒక్కొక్కటే బయటికొచ్చాయి. ఆవిడ పట్టుచీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంది, పాపని ఎదురుగా చాప మీద కూర్చోబెట్టుకుంది, చేతి సంచీలోంచి నీళ్ళ స్ప్రే, దువ్వెన తీసింది. ఉంగరాలు తీసి నా చేతిలో పెట్టింది. గదిలో మాటలు ఆగిపోయాయి. ఇంతమంది ఆడవాళ్ళు ఒక్కసారిగా మాటలు ఆపడం నేను చావుల్లో కూడా చూడలేదు.

ముడి బిగించినచోట చిక్కు పడింది. ఆవిడ తడిపి, పాయ పట్టుకుని, కొసల నుంచి మొదలుపెట్టింది. అంతమంది కళ్ళు వీపు మీద ఉన్నాయి కదా, చెయ్యి కంగారు పడింది. పిడికిలి జారింది.

"అమ్మా!" అని అరిచింది పాప. "నొప్పి!"

గది గదంతా ఉలిక్కిపడింది. ఓణీల పిల్ల తల తిప్పేసరికి నా చేతిలో జడ జారింది.

"మెల్లగా చెయ్యమ్మా! నొప్పెడుతోంది!"

"చూశావా, నలుగురి ముందూ పిల్లని ఏడిపిస్తున్నావు," అంది అత్తగారు లేచి. సోఫాలో ఒక ముసలావిడ పక్కావిడ చెవిలో ఏదో అంది. ఏమని ఉంటుందో మీకూ తెలుసు, నాకూ తెలుసు. ఇన్నాళ్ళూ ఏ మాట పడకూడదని ఈవిడ ఆ జడలు బిగించిందో, ఆ మాటే.

ఈవిడకి అది వినపడినట్టు లేదు. రెండు చేతులూ గాల్లో ఆపేసి, పాప నెత్తి మీదుగా ముందుకి వంగింది.

"ఎక్కడ నొప్పి?"

"ఇక్కడ." పాప వేలు పెట్టి చూపించింది. "ఇక్కడ కూడా. ఆంటీ పిన్నులు గుచ్చింది, అక్కడ కూడా."

మా తోడికోడలు రెండడుగులు వెనక్కి వేసింది.

"ఇంకా?"

"నిన్న కూడా నొప్పెట్టింది. ఉంగరం పెట్టుకున్న రోజు కూడా. బడికి వెళ్ళే ముందు రోజూ నొప్పెట్టేది." నోరు విప్పాక పాపకి ఊపొచ్చింది. చాప మీద ఇటు తిరిగి కూర్చుంది. "నాకు ఈ గౌను కూడా గుచ్చుకుంటోంది. ఇందాక ఉప్మాలో జీడిపప్పులన్నీ పెదనాన్న వాళ్ళ అన్నయ్యకే వేశావు."

"వేశాను," అంది వాళ్ళమ్మ. ముక్కు కారుతోంది, తుడుచుకోవట్లేదు. "ఇంకా?"

ఫోటోగ్రాఫరు మళ్ళీ తలుపు కొట్టాడు. "అమ్మా, ముహూర్తం దాటిపోతోంది, పంతులుగారు రమ్మంటున్నారు!"

అత్తగారు ఈవిడ వంక, తలుపు వంక చూసింది.

"ఆగమనండి అత్తయ్యగారూ," అంది ఈవిడ తలెత్తకుండా. "మా అమ్మాయి ఇంకా చెబుతోంది."